వినాయక చవితి పొద్దున ఏం పెట్టాలి?

చవితి నాడు పొద్దున్నే ఫోన్ తెరిస్తే సిమెంటు కొట్టు నుంచి పళ్ళ డాక్టరు దాకా అందరిదీ ఒకటే పోస్టు. పైన వినాయకుడు, కింద శుభాకాంక్షలు, మూలన లోగో, దాని పక్కన రెండు ఫోన్ నంబర్లు. లోగోలు తారుమారు చేసినా ఎవరూ కనిపెట్టలేరు. ఆ పూట ఇళ్ళల్లో జనం పత్రి సర్దుకుంటూ, ఉండ్రాళ్ళ పిండి ఉడికించుకుంటూ ఉంటారు. మీ దగ్గర కొనాలనుకున్నవాళ్ళు అప్పటికే కొనేసి ఉంటారు, లేదా ఇంకెక్కడో కొనేసి ఉంటారు. అయినా ముందురోజు రాత్రి పదకొండింటికి డిజైన్ చేసే కుర్రాడికి ఫోన్ చేసి, 'అర్జెంటుగా ఒక పోస్టర్ చేసి పెట్టు బాబూ' అని బతిమాలడం మాత్రం ఎవరూ మానరు.

ఆ ఫోన్ కాల్ మాన్పించడమే ఈ అధ్యాయం పని. కంటెంట్ క్యాలెండర్ అనగానే చాలామంది నెలలో ముప్పై గళ్ళు గీసి, 'సోమవారం ఏం పెడదాం, మంగళవారం ఏం పెడదాం' అని మొదలుపెడతారు. రెండో వారానికల్లా గళ్ళు ఖాళీ. ఎందుకంటే ఆ ప్రశ్న ఫోన్ కోసం అడిగింది, వ్యాపారం కోసం కాదు. కొనేవాళ్ళకు మీ సరుకు ఏ రోజుకి చేతిలో ఉండాలి? దాని గురించి వాళ్ళింట్లో మాట ఎప్పుడు వస్తుంది? అప్పటికి మీ దగ్గర సరుకు సిద్ధంగా ఉంటుందా? ఈ మూడూ తేలితే పోస్టు తేదీ దానంతటదే తేలుతుంది. క్యాలెండర్‌ని చివరి తేదీ నుంచి వెనక్కి రాసుకుంటూ రావాలని నేను పదేపదే చెప్పేది అందుకే.

చేతికి ఒక ఉదాహరణ ఉంటే మాట తేలిగ్గా నడుస్తుంది. రాజమండ్రిలో ఇంటి నుంచే పచ్చళ్ళు, పిండివంటలు చేసి అమ్మే ఒక కుటుంబం అనుకుందాం. వంటగది ఒకటి, పనిచేసేది ముగ్గురు నలుగురు. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, యూట్యూబ్ మూడూ ఉన్నాయి. సగం సరుకు హైదరాబాద్, బెంగళూరు వెళ్తుంది. కొంత అమెరికా వెళ్తుంది. మీది చీరల కొట్టయినా, మొక్కల నర్సరీ అయినా పేర్లు మార్చుకుని చదువుకోండి.

గోడ మీది క్యాలెండర్ ముందు

ల్యాప్‌టాప్ తెరవక ముందు పంచాంగమో, తిథులున్న గోడ క్యాలెండరో కింద దించండి. మన ఊళ్ళల్లో కొనుగోళ్ళు నడిచేది తిథుల మీద, మాసాల మీద. ఇంగ్లీషు తేదీలు వాటి వెనకాల నడుస్తాయి. పోయినేడాది షీటునే కాపీ చేసుకుని సంవత్సరం మార్చేస్తే ఏమవుతుందో చూడండి. వినాయక చవితి 2023లో సెప్టెంబర్ 18న వచ్చింది. 2024లో సెప్టెంబర్ 7న, 2025లో ఆగస్టు 27న. అలా ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వచ్చి, 2026లో ఒక్కసారిగా సెప్టెంబర్ 14కి వెనక్కి వెళ్ళింది. దీపావళి కూడా అంతే. 2025లో అక్టోబర్ 20, 2026లో నవంబర్ 8. మధ్యలో అధిక మాసం పడటమే కారణం.

అధిక మాసాన్ని లెక్కలో వేసుకోని క్యాలెండర్ ఒక నెల మొత్తం తప్పుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆషాఢం సేల్ ముగిసిన మర్నాటి నుంచే శ్రావణ శుక్రవారం పట్టుచీరలు చూపిద్దామంటే అసలు శ్రావణం ఆగస్టు 17న గానీ మొదలవలేదు. ఆ నెల రోజులూ ఏం మాట్లాడాలన్నది చీరల కొట్టువాళ్ళు ముందే ఆలోచించుకోవాల్సిన సంగతి. 2026లో అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 వరకు. ఆ నెలలో పెళ్ళిళ్ళు పెట్టుకోరు, పెళ్ళి సారె ఆర్డర్లూ ఉండవు. మన రాజమండ్రి కుటుంబానికి ఇది నష్టమా? ఆ నెల మామిడికాయ నెల కూడా. లడ్డూలు, కాజాలు, కజ్జికాయలు చేసే చేతులు ఖాళీ అవుతాయి కాబట్టి ఆవకాయ విడతలు ఒకటి రెండు పెంచుకోవచ్చు. పోస్టుల్లో పెళ్ళి సారెను ఆ నాలుగు వారాలూ పూర్తిగా తీసేయవచ్చు. ఈ నిర్ణయం జనవరిలోనే పంచాంగం చూసి చేసుకోగలిగింది. మేలో తీసుకుంటే ఆలస్యం.

తర్వాత వంటగది పంచాంగం. పుష్యంలో చింతకాయ, ఆ వెంటనే పండుమిరప, ఏప్రిల్ చివరి నుంచి ఆవకాయ, మాగాయ, కార్తీకంలో ఉసిరి, సంక్రాంతికి అరిసెలు. గోంగూర ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఏమీ లేని వారాలన్నీ దానివే. పండగల కన్నా ఈ వరస ముఖ్యం. పండగ శుభాకాంక్షలు ఎవరైనా చెబుతారు గానీ, 'ఈ వారం పండుమిరప దిగింది, పది రోజుల్లో అయిపోతుంది' అని మీరొక్కరే చెప్పగలరు.

అరిసెలు న్యూజెర్సీ చేరాలంటే

వెనక్కి లెక్కపెట్టడం ఎలాగో ఒకటి పూర్తిగా చేసి చూద్దాం. సంక్రాంతి జనవరి 14 లేదా 15. న్యూజెర్సీలో ఉన్న అమ్మాయికి భోగి ముందే డబ్బా అందాలి, అంటే జనవరి 10. మీ కొరియర్ వాళ్ళు వారం అంటే మీరు రెండు వారాలు అనుకోండి. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ ఉంటుంది. అప్పుడు ఇక్కడి నుంచి డిసెంబర్ 26కల్లా బయల్దేరాలి. బియ్యం నానబెట్టి, పిండి కొట్టించి, పాకం పట్టి, వత్తి, ఆరబెట్టి, ప్యాక్ చేయడానికి ఒక విడతకు మూడు నాలుగు రోజులు వేసుకున్నా విదేశీ ఆర్డర్లు డిసెంబర్ 20న ఆపేయాలి. ఆమె అత్తగారితో, పక్కింటి స్నేహితురాలితో మాట్లాడి ఎన్ని కిలోలో తేల్చుకోవడానికి రెండు వారాలు పడుతుంది. అందుకని మొదటి పోస్టు డిసెంబర్ 5 ప్రాంతంలో పడాలి. ఆ పోస్టులోకి అరిసెల వీడియో ఎక్కడి నుంచి వస్తుంది? నవంబర్‌లో ఎవరూ అరిసెలు వండరు కదా!

దీనికి మందు రెండు రకాలు. నవంబర్ నెలాఖరున వీడియో కోసమే ఒక చిన్న పాకం పట్టడం ఒకటి. రెండోది ఇంకా మంచిది: ఈ సంక్రాంతికి తీసిన వీడియోల్లో సగం వాడకుండా దాచి పెట్టడం. ఈ ఏడు తీసింది వచ్చే ఏడు తొలి పోస్టు. సీజన్ మీద బతికే ఏ వ్యాపారానికైనా ఈ అలవాటు పడితే క్యాలెండర్ సగం పూర్తయినట్టే. దాచేటప్పుడు మాత్రం ఫోన్ గ్యాలరీలో వదిలేయకండి. 'అరిసెలు, పాకం, 2026 జనవరి' అని పేరు పెట్టి గూగుల్ డ్రైవ్‌లో వేయండి. లేకపోతే పిల్లల పుట్టినరోజు ఫోటోల మధ్య వెతుక్కోవాల్సి వస్తుంది.

ఊళ్ళో కొనేవాళ్ళకు ఈ లెక్క పూర్తిగా వేరు. వాళ్ళకు పండగ ముందు వారం చాలు. అందుకే షీటులో 'ఎవరికి' అనే గడి తప్పనిసరిగా ఉండాలి. గంట కూడా దాన్ని బట్టే మారుతుంది. ఇక్కడ ఉదయం 7కి పెట్టిన పోస్టు న్యూజెర్సీలో ముందురోజు రాత్రి చలికాలమైతే 8:30కి, ఎండాకాలమైతే 9:30కి చేరుతుంది. అక్కడ భోజనాలయ్యి ఫోన్ చేతిలోకి తీసుకునే వేళ. ఇక్కడివాళ్ళకేమో రాత్రి ఎనిమిది దాటాక మేలు.

ఒక ఆవకాయ రోజు

రోజూ వీడియో తీయాలంటే ఎవరివల్లా కాదు. వంటగది వాళ్ళకు చిరాకు, తీసేవాళ్ళకు విసుగు. నెలకు ఒకటో రెండో పనిరోజులు ఎంచుకుని ఆ రోజు పొద్దుట నుంచి సాయంత్రం దాకా తీయండి. ఆవకాయ పెట్టే రోజు అందుకు దొరికిన వరం.

కాయలు కడిగి, ఆరబెట్టి, పెద్ద కత్తిపీట మీద కొడుతున్నప్పుడు ముక్కకు టెంక అంటుకుని ఉందా లేదా దగ్గరగా చూపించండి. టెంక లేని ముక్క రెండు నెలలకు మెత్తబడిపోతుందని ఆవకాయ తినేవాళ్ళందరికీ తెలుసు, కొనేటప్పుడు చూసే అవకాశమే ఉండదు. మీరు చూపిస్తే అది ఒక పోస్టు. జీడి తీసి, పొర గోకి, ఒక్కో ముక్కనూ పొడి గుడ్డతో తుడిచే పని చూడటానికి ఏమీ ఉండదనుకుంటాం. కానీ తడి తగిలితే బూజు పడుతుందని ఒక్క మాట చెబుతూ ఆ చేతులను ఇరవై సెకన్లు చూపించండి. శుభ్రత గురించి రాసే పది వాక్యాలు ఆ పని చేయలేవు. కొత్త కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు బేసిన్‌లో పడేటప్పుడు పై నుంచి తీయండి. పప్పునూనె పోసి కలిపేటప్పుడు వెనకాల పాట వద్దు, ఆ చప్పుడే ఉంచండి. బిజినెస్ ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్‌లో సినిమా పాటలు చాలావరకు వాడనివ్వరు కూడా. ఎవరిదో పాట పెట్టి, వాళ్ళు శబ్దం తీసేశాక మూగ వీడియో మిగుల్చుకోవడం కన్నా ఇది నయం.

జాడీకి వాసెన కట్టాక ఆ రోజు పని అయిపోయిందనుకోకండి. మూడో రోజు తిరగకలిపేటప్పుడు నూనె పైకి తేలి ఉంటుంది. బుకింగ్‌లు మొదలుపెట్టాల్సిన పోస్టు అదే. ఎందుకంటే సరుకు పక్కాగా ఉన్నట్టు మీకూ, చూసేవాళ్ళకూ ఒకేసారి తెలుస్తుంది. వేడన్నంలో మొదటి ముద్ద ఎవరు కలిపి ఎవరికి పెడుతున్నారో అది స్టేటస్‌కు. నూనె కారకుండా మూత బిగించి, రెండు కవర్లలో పెట్టి అట్టపెట్టెలో సర్దడం దూరప్రాంతాల వాళ్ళకు. ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు కనిపించేలా ఒక్క క్షణం కెమెరా ఆపండి. దాని గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

షీటులో ఏముండాలి

గూగుల్ షీట్ చాలు, పొడుగు నోటు పుస్తకమైనా చాలు. డబ్బు కట్టే యాప్‌లు మూడు నాలుగు ఖాతాలు చూసుకునే ఏజెన్సీలకు పనికొస్తాయి, మనకు అనవసరం. ఒక వరస ఇలా ఉంటుంది: 2026 ఏప్రిల్ 24, శుక్రవారం, రాత్రి 8. ముక్క తుడిచే వీడియో. హైదరాబాద్ వాళ్ళకు. ఇన్‌స్టాగ్రామ్ రీల్, వాట్సాప్ స్టేటస్. వీడియో డ్రైవ్‌లో ఉంది. సరుకు: మొదటి విడత, 60 కిలోలు. జవాబులు: కోడలు, రాత్రి 10 వరకు.

చివరి రెండు గళ్ళూ నేను చూసిన చాలా షీట్లలో ఉండవు. సరుకు గడి లేకపోతే నలభై కిలోలున్నప్పుడు వంద కిలోల హడావుడి చేసేస్తారు. జవాబుల గడి లేకపోతే పోస్టు పెట్టి అందరూ పెళ్ళికి వెళ్ళిపోతారు. పోస్టు కింద ముప్పై మంది 'ధర ఎంతండీ?' అని అడిగి, మర్నాటికి ఇంకొకరి దగ్గర కొనుక్కుంటారు. ధర అడిగినవాళ్ళకు 'ఇన్‌బాక్స్ చూడండి' అనే జవాబు నాకు అర్థం కాని ఆచారం. కొట్టు ముందుకొచ్చి కిలో ఎంత అని అడిగితే 'లోపలికి రండి, చెవిలో చెబుతా' అంటామా? ధర పోస్టులోనే రాయండి. పావుకిలో, అరకిలో, కిలో, కొరియర్ ఖర్చు విడిగా.

జవాబులిచ్చే మనిషి దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంచండి. 'ఆంటీ, మాకు కారం తగ్గించి చేస్తారా?' అని ఒకరు అడుగుతారు. 'చేస్తామమ్మా, కానీ విడిగా కలపాలి కదా, రెండు కిలోలైతే కుదురుతుంది' అని మీరు చెబుతారు. అదే వారంలో అదే ప్రశ్న ఇంకో ఇద్దరు అడిగితే, అది వచ్చే నెల షీటులో ఒక వరస. వెల్లుల్లి లేకుండా ఉందా, బెల్లం ఆవకాయ చేస్తారా, విమానంలో తీసుకెళ్ళేలా ప్యాక్ చేస్తారా? ఖాళీ గళ్ళు నింపడానికి ఇంతకన్నా మంచి సరుకు ఏ ట్రెండ్‌లోనూ దొరకదు.

వారానికి ఎన్ని? మూడు చాలు, ఆరు నెలలు ఆగకుండా పెట్టగలిగితే. రోజుకొకటి పెట్టి నెలకు అలసిపోయే వాళ్ళనే ఎక్కువగా చూస్తుంటాం. స్టేటస్ మాత్రం రోజూ పెట్టండి, 24 గంటల్లో ఎలాగూ పోతుంది, అందం చూడక్కర్లేదు. రీల్ ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గరికి వెళ్తుంది, స్టేటస్ తెలిసినవాళ్ళ దగ్గరికి. కాబట్టి రీల్‌లో ఎవరు మీరు, ఏ ఊరు అన్నది చెప్పాలి, స్టేటస్‌లో 'ఇవాళ మాగాయ ఎండబెట్టాం' అంటే చాలు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఒక్కో జాబితాలో 256 మందికే వెళ్తుంది, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే. కాబట్టి ప్రతి పార్సిల్‌లో 'ఈ నంబరు సేవ్ చేసుకోండి, కొత్త సరుకు రాగానే చెబుతాం' అని ఒక చీటీ వేయండి. కొన్నవాళ్ళ పేర్లు, నంబర్లు విడిగా పుస్తకంలోనూ ఉండాలి. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. మూడింటికీ యజమాని ఒకరే.

ఇక శుభాకాంక్షల సంగతి. పూర్తిగా మానేయమంటే మీకు మనసొప్పదు, నాకూ తెలుసు. పండగ నాడు స్టేటస్‌లో మీ వంటింటి వాళ్ళందరి ఫోటో పెట్టి ఒక్క మాట చెప్పండి. అంతకు నాలుగు రోజుల ముందు మాత్రం ఉండ్రాళ్ళు పగలకుండా పిండి ఎలా ఉడికించాలో ఒక రీల్ పెట్టండి. దాన్ని సేవ్ చేసుకుంటారు, అక్కకు పంపుతారు, చవితి పొద్దున మళ్ళీ తెరిచి చూసుకుంటారు.

ఆపాల్సిన రోజు

మెటా బిజినెస్ సూట్‌లో పోస్టులను ముందే షెడ్యూల్ చేసి పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. యూట్యూబ్‌లోనూ ఆ సదుపాయం ఉంది. ఆదివారం ఒక గంట కూర్చుంటే వారం పని అయిపోతుంది. ప్రమాదం కూడా అందులోనే ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్ళలో ఉంది. ఇళ్ళ పైకప్పుల మీద జనం తాగునీటి కోసం ఎదురుచూస్తున్నారు. చవితి 7వ తేదీ. ఆ వారం కోసం ముందే షెడ్యూల్ చేసిన 'పండగ ఆఫర్ల సందడి' పోస్టు ఏదైనా దానంతటదే బయటికి వచ్చిందంటే, దాన్ని చూసినవాళ్ళు యంత్రాన్ని తిట్టుకోరు, కొట్టు పేరునే తిట్టుకుంటారు.

కాబట్టి ఆపే అధికారం ఎవరిదో ముందే తేల్చి షీటు పైనే రాసి పెట్టండి. ఒక్కరే ఉండాలి, ఎవరినీ అడగక్కర్లేకుండా అన్నీ ఆపగలగాలి, పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గర ఉండాలి. తర్వాత పెట్టే మొదటి పోస్టు అమ్మకం గురించి ఉండకూడదు. ఏ దారులు మూసి ఉన్నాయి, ఎవరి పార్సిల్ ఎన్ని రోజులు ఆలస్యం, డబ్బు వెనక్కి కావాలంటే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి చెప్పండి చాలు.

పాస్‌వర్డ్ అంటే గుర్తొచ్చింది. చాలా ఇళ్ళల్లో ఖాతా నడిపేది ఇంటర్ చదివే అమ్మాయో, మేనల్లుడో. ఎడిటింగ్ వాళ్ళకొచ్చినట్టు మనకు రాదు. కానీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాళ్ళకు పరీక్షలు. సరిగ్గా పండుమిరప అమ్మాల్సిన రోజుల్లో, ఆవకాయకు ముందుమాట చెప్పాల్సిన రోజుల్లో ఖాతా మూగబోతుంది. పరీక్షల టైమ్‌టేబుల్ రాగానే షీటులో ఎక్కించండి. జనవరి సెలవుల్లోనే వాళ్ళ చేత ఆ రెండు నెలల వీడియోలు కోయించి పెట్టుకోండి.

నెలాఖరున అరగంట షీటు ముందు కూర్చోండి. లైకులు లెక్కపెట్టొద్దు. ఆర్డర్ ఇచ్చిన ప్రతివాళ్ళనూ 'మమ్మల్ని ఎక్కడ చూశారండీ?' అని అడిగి రాసుకున్న మాటలు చూడండి. సేవ్‌లు, షేర్లు చూడండి. లక్షమంది చూసిన రీల్ ఒక్క ఆర్డరు తేకపోవచ్చు, మూడొందల మంది చూసిన ప్యాకింగ్ వీడియో పదిహేను తేవచ్చు. రెండోదాన్ని వచ్చే ఏడాది అదే సమయానికి మళ్ళీ రాసుకోండి, మొదటిదాని గురించి సంతోషించి వదిలేయండి.

జూన్ దాటాక ఆవకాయ అయిపోతుంది. 'అయిపోయింది' అన్నది కూడా ఒక పోస్టే, సిగ్గుపడక్కర్లేదు. దాని కింద జూలై అంతా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, 'ఒక్క అరకిలో ఉందా అండీ?' అని. లేదని చెప్పి ఊరుకోకండి. పేరు, నంబరు, ఎన్ని కిలోలో రాసుకుని, వచ్చే మార్చి మూడో వారం వరసలో ఎక్కించండి. మామిడి పిందె పట్టగానే ముందు వాళ్ళకే కబురు పెట్టండి, ఇన్‌స్టాగ్రామ్‌కు తర్వాత.